నవ్వు ఎవరి మీద పడుతోంది? సరదా ఫ్యాషన్ ప్రకటన వెనకున్న చిక్కుముడి

2025 జులైలో అమెరికన్ ఈగిల్ అనే బట్టల కంపెనీ నటి సిడ్నీ స్వీనీతో కొన్ని ప్రకటనలు విడుదల చేసింది. వ్యవహారమంతా ఒక్క శ్లేష మీద నడిచింది: వేసుకునే జీన్స్, పుట్టుకతో వచ్చే జీన్స్ (అంటే జన్యువులు). ఇంగ్లిషులో రాత వేరైనా పలుకు ఒక్కటే. తెలుగులో రాస్తే ఆ కాస్త తేడా కూడా మిగలదు. జన్యువులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి, జుట్టు రంగునూ కంటి రంగునూ చాలాసార్లు అవే తేలుస్తాయి అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, చివర్లో 'నా జీన్స్ నీలం' అంటుందావిడ.

కొందరికి అది ఒట్టి మాటల ఆట. ఇంకొందరికి మాత్రం తెల్లని ఒళ్లు, బంగారు జుట్టు, నీలి కళ్లున్న మనిషిని చూపిస్తూ గొప్ప జన్యువుల ఊసెత్తడం పాతకాలపు జాతిశుద్ధి సిద్ధాంతాలను గుర్తు చేసింది. ఇది మొదట్నుంచీ బట్టల సంగతేనని ఆగస్టు 1న కంపెనీ వివరణ ఇచ్చుకుంది. ఆగస్టు 4న అధ్యక్షుడు ట్రంప్ ఆ ప్రకటనను మెచ్చుకోగానే కంపెనీ షేరు ఒక్కరోజులో 20 శాతానికి పైగా ఎగిసింది. ఈ గోలలో మునిగిపోయిన సంగతి ఇంకొకటుంది. ఆ ప్రచారంలో భాగంగా వెనక జేబు మీద సీతాకోకచిలుక బొమ్మతో ఒక ప్రత్యేకమైన జీన్స్ తెచ్చారు. గృహహింస గురించి అవగాహన కోసమని, దాని మీద వచ్చే డబ్బును ఒక సహాయ సంస్థకు ఇస్తామన్నారు. ప్రకటన గురించి వాదించుకున్నవాళ్లలో ఎంతమందికి ఆ సీతాకోకచిలుక గుర్తుందంటారు?

ఆ ప్రకటన గెలిచిందా, ఓడిందా అంటే ఇప్పటికీ అందరూ ఒక మాట మీదకు రారు. బట్టలమ్మడానికి నవ్వించే ప్రకటన తీయాలంటే ఏమేం లెక్కలోకి వస్తాయో విడదీసి చూస్తే, ఎందుకు రారో కూడా తెలుస్తుంది.

నవ్వు పుట్టాలంటే ఏం జరగాలి

నవ్వు గురించి చాలా సిద్ధాంతాలున్నాయి. ప్రకటనల పనికి రెండు చాలు.

మొదటిది, మనసు ఒకటి ఊహిస్తే ఎదుట ఇంకొకటి జరగడం. జెర్రీ సల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో దీన్ని రెండు మెట్లుగా చెప్పాడు. ముందు ఊహ తప్పాలి. తర్వాత, 'ఓహో, అందుకా' అని ఆ తప్పిన చోటు అర్థం కావాలి. మొదటి మెట్టు మాత్రమే ఉంటే అది అయోమయం. రెండోది ముందే తెలిసిపోతే పేలని జోకు.

రెండోది, 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ చెప్పిన మాట. ఏదో ఒక కట్టుబాటు తప్పాలి, అయినా దానివల్ల ఎవరికీ హాని లేదనిపించాలి. రెండూ ఒకేసారి అనిపిస్తేనే నవ్వొస్తుంది. కట్టుబాటు అసలు తప్పకపోతే చప్పగా ఉంటుంది, హాని ఉందనిపిస్తే ఒళ్లు మండుతుంది. జీన్స్ ప్రకటన దగ్గర జనం రెండుగా చీలింది సరిగ్గా ఈ గీత మీదే. హాని లేదనుకున్నవాళ్లు నవ్వారు, ఉందనుకున్నవాళ్లు మండిపడ్డారు. చూసింది ఒకే ప్రకటన. హాని ఉందా లేదా అన్నది తెర మీద తేలదు. అది చూసేవాడు మోసుకొచ్చిన అనుభవంలో ఉంటుంది.

ఫ్యాషన్‌కీ హాస్యానికీ ఎందుకు పడదు

'నవ్వు నాలుగు విధాల చేటు' అన్న సామెతను ప్రకటనల రంగం చాలాకాలం వేదంలా నమ్మింది. గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికన్ ప్రకటనలకు పెద్దదిక్కుగా ఉన్న క్లాడ్ హాప్‌కిన్స్, బఫూను దగ్గర ఎవరూ సరుకు కొనరన్నాడు. తర్వాతి తరం ప్రకటనల దిగ్గజం డేవిడ్ ఒగిల్వీ ఆ మాటను తలకెత్తుకుని, 1983 నాటికి మాత్రం మెత్తబడ్డాడు. కొత్త పరిశోధనలు చూశాక హాస్యమూ అమ్మగలదని ఒప్పుకున్నాడు.

నిజానికి ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి మార్టిన్ ఐసెండ్ 2009లో ఒక విశ్లేషణ చేశాడు. హాస్యం చూసేవాళ్ల దృష్టిని లాగుతుంది, ప్రకటన మీద ఇష్టం పెంచుతుంది, మనసును తేలిక చేస్తుంది. అదే సమయంలో చెప్పేవాడి మీద నమ్మకాన్ని కాస్త తగ్గిస్తుంది. అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకుంటుంది. అది లాభమా నష్టమా అన్నది అమ్మే వస్తువును బట్టి ఉంటుంది.

వస్తువుల మాటకొస్తే, 1994లో వైన్‌బర్గర్, ఆయన సహచరులు వాటికి నాలుగు రంగులు పెట్టారు. కొనేటప్పుడు బాగా ఆలోచిస్తామా లేదా అన్నది ఒక కొలత. పని కోసం కొంటామా, మనసు కోసం కొంటామా అన్నది రెండోది. సరదా కోసం, పెద్దగా ఆలోచించకుండా కొనే చిరుతిళ్లలాంటివి పసుపు. హాస్యం బాగా అతికేది వాటికే. ఫ్యాషన్ దుస్తులు, నగలు ఎరుపు. మనసు కోసమే కొంటాం, కానీ తప్పు కొంటామేమోనన్న బెంగ పెద్దది. హాస్యం జంకుతూ అడుగుపెట్టే గడి అది.

ఆ జంకుకు కారణం వెతకడానికి పరిశోధనలక్కర్లేదు. కొత్త చొక్కా వేసుకుని బయటికెళ్లే మనిషికి ఉండే ఒకే ఒక్క భయం, నలుగురూ నవ్వుతారేమోనని. ఆ మనిషికే నవ్వుతో చొక్కా అమ్మాలి! పళ్లపొడి ప్రకటన చూసి నవ్వితే పళ్లపొడికి పోయేదేమీ లేదు. బట్ట మనిషి ఒంటి మీద ఉంటుంది కనక, బట్టను చూసి నవ్వితే మనిషిని చూసి నవ్వినట్టే.

ఆ దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో చూపించిన ప్రకటన, విచిత్రంగా, బట్టలది కాదు. 1980లలో వెండీస్ అనే బర్గర్ కంపెనీ ఒక ఉత్తుత్తి సోవియట్ ఫ్యాషన్ షో తీసింది. ముతక గౌనులో ఒకావిడ వేదిక మీద నడుస్తుంది. పగలు వేసుకునేది అంటారు. అదే గౌను, చేతిలో టార్చిలైటు. సాయంత్రం వేసుకునేది అంటారు. మళ్లీ అదే గౌను, చేతిలో బంతి, ఈతకు వేసుకునేదట. ఎంచుకునే వీలు లేని బతుకు ఎలా ఉంటుందో చెప్పి, మా దగ్గర ఎంచుకోవచ్చు అనడం వాళ్ల ఎత్తు. బర్గర్ అమ్మడానికి పనికొచ్చింది. ఆ గౌనును మాత్రం ఇక జన్మలో ఎవరూ అమ్మలేరు.

నవ్వు పడే చోటు

కాబట్టి స్క్రిప్టు ముందుకొచ్చినప్పుడు ఇది నవ్విస్తుందా అనే ప్రశ్న ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. నవ్వు ఎవరి మీద పడుతోంది అన్నది దానికన్నా ముఖ్యం. వేసుకున్నవాళ్ల మీదా, వేసుకోనివాళ్ల మీదా, చుట్టూ ఉన్నవాళ్ల మీదా, ఫ్యాషన్ ప్రపంచం మీదా, లేక కంపెనీ తన మీద తానే వేసుకుందా?

చుట్టూ ఉన్నవాళ్ల మీద వేసినదానికి మంచి ఉదాహరణ లీవైస్ 1985లో బ్రిటన్‌లో తీసిన లాండ్రీ ప్రకటన. నిక్ కామెన్ అనే యువకుడు బట్టలుతికే దుకాణంలోకి వచ్చి, ఒంటి మీద చొక్కా, జీన్స్ విప్పి మెషీన్లో పడేసి, నిక్కరుతో తాపీగా కూర్చుని పత్రిక చదువుకుంటాడు. అతనిలో తడబాటు వెంట్రుకవాసి కూడా ఉండదు. నవ్వంతా పక్కన కూర్చున్నవాళ్ల ముఖాల్లో ఉంది. అతను చేసింది వింతపనే, కానీ హీరో అతనే. అతనిలా ఉండాలనే చూసేవాడికి అనిపిస్తుంది.

డీజిల్ అనే ఇటలీ కంపెనీ ఏళ్ల తరబడి ప్రకటనల డాబునే వెక్కిరిస్తూ పేరు తెచ్చుకుంది. 2018లో న్యూయార్క్‌లో నకిలీ సరుకుకు పేరుపడ్డ కెనాల్ స్ట్రీట్‌లో, తన పేరునే అక్షరాలు అటూఇటూ మార్చి దొంగసరుకు అమ్మే కొట్టులా ఒక దుకాణం తెరిచింది. వచ్చినవాళ్లు నకిలీ అనుకుని బేరాలాడారు. అమ్మినవి మాత్రం డీజిల్ డిజైనర్లు తయారుచేసిన అసలు బట్టలే. ఇక్కడ నవ్వు బ్రాండ్ పిచ్చి మీద, నకిలీల వ్యాపారం మీద, కొంత కంపెనీ మీద కూడా పడింది. కొన్నవాళ్లు చివరికి లాభపడ్డారు. ఆ లాభం లేకపోతే అది కొనేవాళ్లను వెర్రివాళ్లను చేసిన వేళాకోళంగా మిగిలేది.

వేసుకున్నవాళ్ల మీద నవ్వడం అన్నిటికన్నా ప్రమాదం. అయినా సాధ్యమే. 2013లో బ్రిటన్‌లోని హార్వీ నికొల్స్ అనే ఖరీదైన ఫ్యాషన్ దుకాణం పండగ ప్రకటనలో జనం తమ ఆత్మీయులకు కాగితాల క్లిప్పులు, సింకు బిరడాలు కానుకలుగా ఇస్తారు. డబ్బంతా తమ బట్టలకే ఖర్చుపెట్టేసుకున్నారు మరి. ఆ అల్పమైన కానుకలను దుకాణంలో నిజంగానే అమ్మకానికి పెట్టారు కూడా. మరుసటేడు కాన్ ప్రకటనల ఉత్సవంలో దానికి అత్యున్నత పురస్కారాలు దక్కాయి. వాళ్ల స్వార్థాన్ని చూసి నవ్వుతాం, బట్టను చూసి మాత్రం కాదు. ఆ బట్ట అంత నీచానికి ఒడిగట్టేంత అందంగా ఉంది అన్నదే జోకు. ఎగతాళిలా కనిపిస్తున్న పొగడ్త! సంస్కృతం వాళ్లు దీనికి వ్యాజస్తుతి అని ఎప్పుడో పేరు పెట్టేశారు.

నవ్వు గుర్తుండి, బ్రాండ్ మరిచిపోతే

ప్రకటనల వాళ్లు వ్యాంపైర్ ఎఫెక్ట్ అంటారు. ప్రకటనలోని జోకు, తార, కుక్కపిల్ల ఏదో ఒకటి చూసేవాళ్ల దృష్టినంతా పీల్చేసి, అమ్మే వస్తువుకు ఏమీ మిగల్చకపోవడం. 'ఆ యాడ్ భలే ఉంటుంది, ఏ కంపెనీదో గుర్తులేదు' అని మనం ఎన్నోసార్లు అనుకునే ఉంటాం.

అమెరికాలోని కేమార్ట్ దుకాణాలు 2013లో తీసిన రెండు ప్రకటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. మొదటిదాంట్లో దుకాణంలో దొరకని సరుకును ఉచితంగా ఇంటికి పంపుతామని చెప్పాలి. 'షిప్ మై ప్యాంట్స్' అని గబగబా అంటే ప్యాంటు పాడుచేసుకున్నానన్న బూతులా వినిపిస్తుంది. ముసలీ ముతకా అందరూ గంభీరంగా అదే మాట అంటుంటారు. కొద్ది రోజుల్లోనే యూట్యూబ్‌లో కోటి మందికి పైగా చూశారు. రెండోదాంట్లో సూటుబూటుల్లో మగవాళ్లు బల్ల వెనక నిలబడి గంటలు మోగిస్తుంటారు. బల్ల తీసేస్తే కింద అందరూ జో బాక్సర్ అనే బ్రాండు నిక్కర్లలో ఉంటారు. తర్వాత చేతులతో పనిలేకుండా నడుములూపుతూనే పాట మోగిస్తారు.

మొదటిదాని జోకు మాటలో ఉంది. ప్యాంటు బదులు దుప్పటి అన్నా ఉచిత డెలివరీ ఉచిత డెలివరీయే. ఇంకో భాషలోకి తెస్తే జోకు మిగలదు. రెండోదాంట్లో ఆశ్చర్యమూ నిక్కరే, సరుకూ నిక్కరే. నిక్కరు తీసేస్తే ప్రకటనే లేదు. తీసేస్తే అన్న మాట ఇక్కడ జాగ్రత్తగా వాడాలనుకోండి. ఇంతా చేసి కేమార్ట్ మాతృసంస్థ 2018 అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆ పాపం ప్రకటనలది కాదు. దుకాణం వ్యాపారమే ఏళ్లుగా కుంగిపోతోంది, కోటి నవ్వులు దాన్ని నిలబెట్టలేకపోయాయి. యూట్యూబ్‌లో చూసినవాళ్ల లెక్కను అమ్మకాల లెక్కగా చదివేవాళ్లు మరిచిపోయేది దీన్నే.

ఒక స్క్రిప్టును విప్పి చూద్దాం

ఆడవాళ్ల ప్యాంట్లు తయారుచేసే ఒక ఊహాజనిత కంపెనీ అనుకుందాం. వాళ్ల ప్రత్యేకత, జేబులు నిజమైనవి. ఇది చిన్న విషయమేమీ కాదు. ద పుడింగ్ అనే వెబ్ పత్రిక 2018లో అమెరికాలో బాగా అమ్ముడయ్యే 20 బ్రాండ్ల జీన్స్ కొలిచి చూస్తే, ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్ల జేబుల కన్నా సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా ఉన్నాయి. కోట్లమంది రోజూ పడుతున్న చిరాకు ఇది. హాస్యానికి ఇంతకన్నా మంచి నేల దొరకదు.

మొదటి ఆలోచన: ఉత్తుత్తి జేబున్న ప్యాంటు వేసుకున్నావిడ ఫోను పళ్లతో పట్టుకుని, తాళాలు చంకలో ఇరికించుకుని తంటాలు పడుతుంది. పక్కనే మన ప్యాంటు వేసుకున్నావిడ చిరునవ్వు నవ్వుతుంది. నవ్వొస్తుంది. కానీ ఆ తంటాలు పడుతున్నావిడే మనం అమ్మాలనుకుంటున్న మనిషి! ఇవాళ ఆవిడ దగ్గరున్నది ఆ ప్యాంటే.

రెండో ఆలోచన: జేబులోంచి ఫోను, తాళాలు, పుస్తకం, గొడుగు, చివరికి టేబుల్ ల్యాంపు తీస్తుంది. నవ్వు జేబు మీద పడింది, బాగానే ఉంది. అప్పుడు స్టైలిస్టు నోరు విప్పుతాడు: ఇన్ని పెడితే ప్యాంటు సంచిలా ఉబ్బిపోదా? ఫ్యాషన్ ప్రకటనకు మిగతా వాటికి లేని చిక్కు ఇదే. జోకు పేలే క్షణంలో కూడా బట్ట అందంగా కనబడాలి. హాస్యానికి నటి ఒంగాలి, దొర్లాలి, ముఖం వంకర పెట్టాలి. బట్ట తీరు కనబడటానికి నిటారుగా నిలబడాలి. దర్శకుడూ స్టైలిస్టూ సెట్టు మీద పోట్లాడుకునేది చాలామటుకు ఇక్కడే.

మూడోది: లిఫ్టు. ఎదురుగా నిలువుటద్దం. కథానాయిక మధ్యలో, వెనక ఇద్దరు స్నేహితురాళ్లు. ఎక్కడో ఫోను మోగుతుంది. ఒకావిడ హ్యాండ్‌బ్యాగు కుమ్మరిస్తుంది. ఇంకొకావిడ చెయ్యి కుట్టేసిన ఉత్తుత్తి జేబు మీద జారిపోతుంది. కథానాయిక అద్దంలో తనను చూసుకుంటూ, తల తిప్పకుండానే జేబులోంచి ఫోను తీసి మొదటావిడకు ఇస్తుంది. మోత ఆగదు. రెండో జేబులోంచి ఇంకో ఫోను తీసి రెండోవిడకు ఇస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నడిచి వెళ్లిపోతుంది.

నవ్వు పరిస్థితి మీద, కొంత ఆ కుట్టేసిన జేబు మీద పడుతోంది. స్నేహితురాళ్లు వెర్రివాళ్లుగా కనిపించరు, ఆ తంటా అందరూ ఎరిగినదే. కథానాయిక చెక్కుచెదరలేదు. అద్దం ఉంది కనక ప్యాంటు ముందూ వెనకా కనిపిస్తోంది. చివరి నడకలో జోకు ముగింపూ సరుకు ప్రదర్శనా ఒకే షాటు.

లోపం లేదా అంటే ఉంది. వాళ్ల ఫోన్లు ఈవిడ జేబులోకి ఎలా వచ్చాయి? చూసేవాడికి తెలియకపోతే సల్స్ చెప్పిన రెండో మెట్టు ఎక్కలేడు. అందుకని ముందే ఒక షాటు కావాలి. లిఫ్టు ఎక్కేముందు చేతుల నిండా సామానుతో ఉన్న స్నేహితురాళ్లు 'ఇదొక్క నిమిషం' అంటూ తమవి ఈవిడకు అందించడం. అది మరీ స్పష్టంగా ఉంటే జోకు ముందే తెలిసిపోతుంది. షాటులో జేబు కనబడకూడదు, అందుకుంటున్న చెయ్యి మాత్రం కనబడాలి.

ఇంకో మెలిక. మొదటి రాతలో మూడో ఫోను కూడా వచ్చేది. మూడుసార్లు జరిగితే నవ్వు బలపడుతుందని హాస్యం రాసేవాళ్ల నమ్మకం. అయితే ఆ జేబుల్లో మూడు ఫోన్లు నిజంగా పట్టవు. టేబుల్ ల్యాంపు తీస్తే ఎవరూ నమ్మరు, అది పచ్చి అతిశయోక్తి, ఎవరూ మోసపోరు. మూడు ఫోన్లు నమ్మశక్యంగా ఉంటాయి, అందుకే అవి అబద్ధం. కొనుక్కున్నావిడ ఇంటికెళ్లి పెట్టి చూస్తుంది. సాధ్యమనిపించేంత చిన్న అతిశయోక్తి కన్నా అసాధ్యమని తేలిపోయే పెద్ద అతిశయోక్తే నిజాయితీగా ఉంటుంది. మాట వింటే తలకిందులుగా అనిపిస్తుంది కానీ, దీని మీద వాదించుకోని ప్రకటనల ఆఫీసు ఉండదు.

30 సెకన్లు, 750 ఫ్రేములు

సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 30 సెకన్ల ప్రకటనలో ఉండేవి 750 ఫ్రేములు. మన లిఫ్టు కథలో సామాను అందించడానికి 4 సెకన్లు, లిఫ్టులో నిశ్శబ్దం 3, మోత మొదలై వెతుకులాట 8, మొదటి ఫోను 4, రెండోది 3, నడక 4. మొత్తం 26. మిగిలిన 4 సెకన్లలోనే బ్రాండ్ పేరు పడాలి. రెండో ఫోనుకు మొదటిదానికన్నా తక్కువ సమయం ఇచ్చింది కావాలనే. చూసేవాడికి పద్ధతి అర్థమైపోయింది, ఇంకా సాగదీస్తే వాడే మనకన్నా ముందు నవ్వేసి ఊరుకుంటాడు. ఈ కొలతలు కాగితం మీద తేలవు. అందుకే షూటింగుకు ముందే స్టోరీబోర్డు బొమ్మలకు మాటలూ చప్పుళ్లూ జతచేసి యానిమాటిక్ అనే చిత్తుప్రతి చేసి చూస్తారు.

టీవీలో 30 సెకన్ల చోటు ఖరీదెక్కువ కనక, కొన్నాళ్లకు అదే ప్రకటనను 10 సెకన్లకు కోస్తారు. మొదటి షాటు ఎగిరిపోతే ఫోన్లు ఎలా వచ్చాయో తెలియదు, జోకు కూలిపోతుంది. చిన్న రూపాన్ని ముందే విడిగా రాసుకోనివాళ్లకు ఎడిటింగ్ గదిలో ఈ సంగతి తెలుస్తుంది, అప్పటికి లిఫ్టు సెట్టు పీకేసి ఉంటారు.

పదోసారి చూసినప్పుడు

రాబర్ట్ జయాన్స్ 1968లో ఒక సంగతి నిరూపించాడు: ఒక వస్తువును పదే పదే చూస్తుంటే, వేరే కారణమేమీ లేకుండానే, దాని మీద ఇష్టం పెరుగుతుంది. ప్రకటనలను అన్నిసార్లు వేయడం వెనకున్న నమ్మకం ఇదే. ఆశ్చర్యం మీద నిలబడ్డ జోకు దీనికి ఎదురు నడుస్తుంది. ఒకసారి తెలిసిపోయిన మలుపు మళ్లీ ఆశ్చర్యపరచదు. ఇష్టం పెంచాల్సిన అలవాటే నవ్వును చంపేస్తుంది.

దీనికి రెండు దారులు. ఒకే ఆలోచనతో మూడు నాలుగు కథలు తీసి మార్చి మార్చి వేయడం ఒకటి, ఖర్చు పెరుగుతుంది. మలుపు మీద కన్నా మనిషి మీద ఆధారపడటం రెండోది. మన కథలో ఫోను ఎక్కడుందో తెలిసిపోయాక కూడా, తల తిప్పకుండా ఫోను అందించే ఆ నటి ధీమాను మళ్లీ చూడబుద్ధి కావచ్చు. అందుకే నటిని ఎంచుకునేటప్పుడు బట్ట ఎవరికి నప్పుతుందన్నదానితో పాటు ముఖం కదపకుండా ఎవరు నిలబడగలరన్నది కూడా చూస్తారు. నవ్వించడానికి ప్రయత్నిస్తున్నట్టు కనిపించే మోడల్ నవ్వించదు.

విడుదలకు ముందు కొందరికి చూపించి అభిప్రాయం అడగడం రివాజు. ప్రయోజనముంది. జోకు అర్థమైందా, బ్రాండ్ పేరు గుర్తుందా, ఎవరికైనా మనసు నొచ్చిందా అన్నవి తెలుస్తాయి. ఇవి నవ్వును ఉన్నదానికన్నా తక్కువగా కొలుస్తాయని వాదించేవాళ్లున్నారు. గదిలో కూర్చోబెట్టి 'ఇది సరదాగా ఉందా' అని అడిగితే మనిషి న్యాయమూర్తి అయిపోతాడు, నవ్వడం మానేస్తాడు. ఇంకోవైపు, ఇలా అడగకపోతే రెండర్థాల మాట ఎవరికి ఎలా తగులుతుందో ప్రసారమయ్యాకే తెలుస్తుంది. రెండు వాదనలూ నిజమే కనక చాలామంది మధ్యేమార్గంగా అడగడం మానేసి గమనిస్తారు. ఎక్కడ నవ్వారు, ఎక్కడ చూపు తిప్పుకున్నారు, బయటికెళ్తూ ఏమనుకున్నారు.

మన లిఫ్టు ప్రకటనను అలా చూపిస్తే, నడక షాటు మీద నవ్వు వచ్చిందనుకోండి. ఆ నవ్వు ఓ రెండు సెకన్లుంటుంది. సరిగ్గా అప్పుడు పేరు వేస్తే దాన్ని చదివేవాడు లేడు. అందుకని కంపెనీ మనిషి చివరి 4 సెకన్లూ పేరు తెర మీద ఉంచమంటాడు, రాసినావిడ మొదటి 2 సెకన్లు ఖాళీ నడవా మాత్రమే ఉండాలంటుంది. మధ్యలో ఎడిటరు, 50 ఫ్రేముల ఖాళీని ఓసారి పెట్టి, ఓసారి తీసి, ఇద్దరికీ మళ్లీ మళ్లీ చూపిస్తుంటాడు.